ఆరో అంకె

బ్రాడీపేటలో మెట్ల కింద నెట్ సెంటర్.
ఫ్యాన్ తిరుగుతోంది, గాలే రావట్లేదు.
సుబానీ అన్న కీబోర్డు మీద సమోసా తునకలు దులిపి
"చెప్పు ఎస్తేరూ, ఒకటో ఆప్షన్ ఏం పెట్టమంటావ్?" అన్నాడు.
నా వెనక ఇంకా పదకొండు మంది.

మేడికొండూరులో బస్సెక్కిస్తూ నాన్న
"అగ్రికల్చరే పెట్టవే" అన్నాడు పొద్దున.
అన్నాక ఏదో గుర్తొచ్చి
మిరపకోరు తగిలినట్టు మొహం తిప్పుకున్నాడు.
పన్నెండేళ్లు మిరప వేసినవాడు,
పూత లోపల నల్లతామర పురుగును
గోటితో నలిపి వాసన చూసినవాడు.
రైతు కోటాకి మాత్రం పాస్‌బుక్కు కావాలట.
కౌలు నోటిమాట.
నోటిమాటని స్కాన్ ఎలా చేస్తారు?
మా నాన్న రైతని
పురుగుమందుల కొట్టు పద్దుకి తెలుసు,
వడ్డీతో సహా తెలుసు.
ఈ తెరకి తెలీదు.

"యానిమల్ సైన్స్ అని ఒకటి పడింది కొత్తగా,
నెత్తురూ గిత్తురూ ఉండదమ్మాయ్" అన్నాడు అన్న.
ఆ చదువు మా అమ్మ ఎప్పుడో చదివింది.
చొప్ప ఎంత, తవుడు ఎంత, వెన్న ఎంత దిగింది,
ఏ పడ్డ ఏ రోజు ఎదకొచ్చింది,
అన్నీ పాలకేంద్రం చీటీల వెనక పెన్సిలు గీతలు.
బాగున్న గొడ్డుకి ఇంత లెక్కా అని నవ్వేదాన్ని.
జబ్బు చేస్తే ఊరంతా వస్తుంది.
బాగున్న రోజున దాని పక్కన కూర్చునేది ఎవరు?
ఇది ఇప్పుడే, ఈ కుర్చీలోనే తోచింది,
కాస్త ఆలస్యంగా.

ఇక గన్నవరం. నా ర్యాంకుకి అంచు మీద ఉంది,
రావచ్చు, రాకపోవచ్చు.
దాని గురించి చెప్పాలంటే ఒక రాత్రి చెప్పాలి.

నవంబరు తుపాను. కరెంటు లేదు.
చుక్కల గేదె ఈనలేక మోకాళ్ల మీద కూలబడింది.
డాక్టరమ్మ తడిసిన స్కూటీ మీద వచ్చి
గాజులూ వాచీ తీసి నా చేతిలో పెట్టి
భుజం దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి
కళ్లు మూసుకుంది.
నేను టార్చి పట్టుకున్నాను గానీ
ఆమెకి వెలుతురుతో పని లేదు.
"తల వెనక్కి మడిచుంది" అంది,
మాతో కాదు, తన వేళ్లతో.
గంటకి దూడ వచ్చింది. చచ్చి వచ్చింది.
గేదె బతికింది.
చూరు నీళ్ల కింద చెయ్యి కడుక్కుంటూ
ఆమె మమ్మల్ని ఓదార్చలేదు.
"తెల్లారేసరికి మాయ పడకపోతే కబురు చెయ్యండి" అంది అంతే.
గాజులు ఇవ్వబోతే
అవి ఆ చేతికి ఎక్కడం లేదు, అంత వణుకు.
నాకు ఆ చెయ్యి కావాలనిపించింది.
వణుకుతో సహా.

దూడ లేని గేదె చేపదు.
తర్వాత నాలుగు రోజులు అమ్మ దాని పొదుగు దగ్గరే కూర్చుంది,
నాన్న గట్టు మీది పిల్లిపెసర కోసుకొచ్చాడు.
ఐదో నాడు సన్నగా ధార.
ఆ ధార ఎవరి సబ్జెక్టో
ప్రాస్పెక్టస్‌లో వెతికాను. దొరకలేదు.

"అమ్మాయ్, సైటు స్లో అవుతోంది."
"గన్నవరం ఒకటి" అన్నాను.
"బాపట్ల రెండు. ఆ కొత్తది మూడు."
"కోటా లేకుండా బాపట్లా?"
"ఉండనీ అన్నా."

ఓటీపీ నాన్న ఫోన్‌కి వెళ్లింది.
యార్డులో ఉన్నాడు, వెనక హమాలీల కేకలు, తుమ్ములు.
కాటా మీద తూకం చదివినట్టు
ఒక్కో అంకె చెబుతున్నాడు.
నాలుగు. సున్నా. సున్నా. తొమ్మిది. రెండు.
ఆగాడు.
"ఏది పెట్టావే?"
చెప్పాను.
ఎవరో బస్తా దింపిన చప్పుడు.
నా వెనక ఎవరో గడియారం చూసుకున్నారు.
"డాక్టరమ్మ ఆ రోజు
డీజిల్ డబ్బులు కూడా తీసుకోలేదు" అన్నాడు నాన్న.
స్కూటీకి డీజిలేంటి నాన్నా అనబోయి
ఊరుకున్నాను.
"ఏడు" అన్నాడు.